బోర్డు మీద ఎక్కని పేరు

పోయిన నెల పలాస స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చున్నాను. బండి ఆలస్యం అన్నారు. ఈ వయసులో నాకు బండి ఆలస్యంగా వచ్చినా ఒకటే, వేళకి వచ్చినా ఒకటే. మోకాళ్ల నొప్పులతో బెంచీ మీంచి లేవబుద్ధి కాలేదు గాని, ఎదుటి స్టాలు నుంచి కాఫీ వాసన వదలకుండా వస్తుంటే లేచి వెళ్లాను. స్టాల్లో నలభై ఏళ్లావిడ ఉంది. మెషీను కింద కాగితం కప్పు పెట్టి, నిండాక తీసి, భుజం మీది తువ్వాలుతో కప్పు అడుగు ఒకసారి తుడిచి నా ముందు పెట్టింది.

కాగితం కప్పు అడుగు తుడిచేవాళ్లని నేనెక్కడా చూడలేదు. అక్కడ తడీ లేదు, బొట్టూ లేదు. ఎందుకమ్మా తుడిచావు అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఏటో బాబూ, మా అత్త ఇలాగే తుడిసి ఇచ్చీది. నాకూ అదే అలవాటైపోనాది" అంది. వాళ్లత్త ఎక్కడ నేర్చుకుందని అడిగితే, పడుచుదనంలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేదని మాత్రం చెప్పింది. అంతకు మించి ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలానేమో అనిపించి, కాఫీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అలా తుడవడం మొదలుపెట్టినాయన పేరు ఇక్కడ రాయను. బతికినన్నాళ్లూ ఆ పేరు ఏ బోర్డు మీదా ఎక్కకుండా చూసుకున్న మనిషి. ఇప్పుడు నేను ఎక్కిస్తే బాగుండదు. అందరూ మావ అనేవారు. నేనూ మావా అనే పిలిచేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు చుట్టరికం లేనివాడే ముందు మావ అవుతాడు.

అరవైల చివరి సంవత్సరాల మాట ఇది. నేను టెక్కలి పంచాయతీ ఆఫీసులో గుమస్తాగా కొత్తగా చేరాను. అర్జీలు రాయడం, రాసినవి కట్టలు కట్టడం, కట్టినవి ఎలకలు కొట్టకుండా చూడడం నా ఉద్యోగం. ముప్ఫై అయిదేళ్లు అదే చేసి రిటైరయ్యాను. నా చేత్తో ఎన్ని వేల పేర్లు రాశానో నాకే తెలియదు. రాయకుండా వదిలేసిన పేరు మాత్రం ఒక్కటే బాగా గుర్తుంది.

మావ పొట్టి మనిషి. మోకాలు దాటని పంచె, చేతుల బనీను, భుజం మీద ఎప్పుడూ ఉతికిన తువ్వాలు. బీడీ కాల్చేవాడు కాదు. ఆ వాసన డికాక్షన్‌కి పట్టేస్తుందట. అందుకని నోట్లో ఒక వేపిన కాఫీ గింజ పెట్టుకుని బుగ్గన ఆనించి ఉంచేవాడు. ఆయన బస్సెక్కితే కండక్టరు తల తిప్పకుండానే "మావ ఎక్కినాడు, పోనీ" అనేవాడు. అంత వాసన.

మొదటి హోటలు పలాసలో, జీడిపిక్కల ఫ్యాక్టరీల వీధి మొగలో. అప్పట్లో మా ప్రాంతంలో కాఫీ అంటే రైల్వే బాబులూ, స్కూలు మేష్టర్లూ తాగేది. ఉద్దానం రైతులకి పొద్దున్నే చోడి అంబలి ఉండాలి. పిక్కలు కొట్టే ఆడవాళ్లకి అదీ దొరికేది కాదు. ఆ ఆడవాళ్ల చేతులు మీరు చూసి ఉండరు. పిక్కని కొట్టినప్పుడు లోంచి చిమ్మే సొన చర్మాన్ని తినేస్తుంది. వేళ్ల చివర్లు నల్లబడి, పొరలు లేచి, పచ్చి పుళ్లుగా ఉండేవి. పని దిగి కాఫీకి వచ్చినప్పుడు గ్లాసు అడుగున ఉన్న వేడి బొట్టు ఆ వేళ్ల మీద జారితే ప్రాణం పోయినట్టయ్యేది. ఒకావిడ చెయ్యి విదిలించి గ్లాసు పారేసిందట. ఆ రోజు నుంచి మావ ప్రతి గ్లాసూ అడుగు తుడిచి ఇవ్వడం మొదలుపెట్టాడు. పిక్కలు కొట్టేవాళ్లకే కాదు, తాసీల్దారు వచ్చినా అలాగే తుడిచి ఇచ్చేవాడు. ఎవరి చేతిలో పుండుందో మనకేటి తెలుసు అనేవాడు.

పలాస తర్వాత టెక్కలి బస్టాండు దగ్గర ఒకటి. ఆ తర్వాత పూండి స్టేషన్ బయట ఒకటి. నాలుగోది సుమ్మాదేవిలో పెడతానంటే అందరూ నవ్వారు. ఆ స్టేషన్లో దిగేవాళ్లు నలుగురైతే ఎక్కేవాళ్లు ముగ్గురు. మావ ఎవరితోనూ వాదించలేదు. వారం రోజులు వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చాడు. మెయిలు దాటిపోయేదాకా ప్యాసింజరుని అక్కడ పక్కన పెట్టేస్తారని, జనం చేసేదేమీ లేక చెట్లకేసి చూస్తూ కూర్చుంటారని కనిపెట్టాడు. హోటలు పెట్టిన నెలకి ప్యాసింజరు ఆగితే సగం బండి మావ గుడిసె దగ్గరే ఉండేది.

ఇలా ఒక్కో హోటలూ పెట్టుకుంటూ పోవడం ఆయనకి ఎవరు నేర్పారో తెలియదు. నాలుగు చోట్లా ఒకే రుచి ఉండాలనేది ఒక్కటే ఆయన పట్టుదల. గింజలు పలాసలోనే వేపేవాడు, తన చేత్తోనే. పొడుం డబ్బాల్లో వేసి మూత మీద పిండి పూసి, రోజుకో ఊరు చొప్పున బస్సులోనో బండిలోనో తనే పట్టుకెళ్లేవాడు. కాఫీ కలపడానికి కొత్తగా చేరినవాడు నెల్లాళ్లు పాలూ పంచదారా లేని డికాక్షన్ తాగాలి. మొహం చిట్లించకుండా తాగగలిగిన రోజున గరిటె చేతికిచ్చేవాడు. ఎవరైనా తొందరపడి ఫిల్టరు మూత తీస్తే, "దిగనీ, దానికి దిగాలనిపించినప్పుడు దిగుతాది" అనేవాడు. బస్సు రాకపోయినా అదే మాట, మా ఆఫీసులో ప్రెసిడెంటు గారు సంతకం చెయ్యకపోయినా అదే మాట. దిగనీ బాబూ.

కుర్చీల గురించి చెప్పాలి. హోటలు పెట్టబోయే ముందు మావ మొట్టమొదట చేయించేది గల్లాపెట్టె వెనక వేసే కుర్చీ. పొయ్యి కన్నా ముందు, గ్లాసుల కన్నా ముందు. పలాసలో ఒక వడ్రంగి ఉండేవాడు. నాలుగు హోటళ్లకీ నాలుగు టేకు కుర్చీలు, చేతులున్నవి, అతని చేతే చేయించాడు. చేతులు నున్నగా వచ్చాయా లేదా అని అరచేత్తో రాసి చూసేవాడు. కాళ్లు ఊగుతున్నాయేమోనని రెండు చేతులూ ఆనించి బరువు వేసి చూసేవాడు. కూర్చుని మాత్రం చూసేవాడు కాదు. నాకు తెలిసినంతకాలం తన నాలుగు హోటళ్లలో ఏ కుర్చీలోనూ ఆయన కూర్చోలేదు. రోజూ పొద్దున్న తువ్వాలుతో దాన్ని తుడిచి, పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

కూర్చునేది ఆయన బావమరిది. భార్య తమ్ముడు. పలాసలో పెద్ద కుర్చీ అతనిది. మిగిలిన ఊళ్లలో కూర్చునేవాళ్లని కూడా అతనే పెట్టాడు. మాటకారి, వక్కపొడి మనిషి, చేతికి వాచీ. దొంగ కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చదివేవాళ్లు అతన్ని వేరేగా అనుకుంటారు.

బోర్డులదీ అదే కథ. పసుపు రేకు మీద నీలం అక్షరాలతో కాఫీ హోటలు అని రాసి, అడుగున ప్రొప్రయిటరు పేరు రాయడానికి పెయింటరు అలవాటు కొద్దీ 'ప్రొ:' అని రాసేశాడు. పేరేమిటని అడిగితే మావ వద్దన్నాడు. రాసింది చెరిపితే రేకు పాడవుతుందని పెయింటరు అలాగే వదిలేశాడు. తర్వాతి మూడు బోర్డులూ మొదటిదాన్ని చూసి రాసినవే గనక వాటి మీదా 'ప్రొ:' ఉంది, పక్కన ఏమీ లేదు. మా ఆఫీసులో కుర్రకారు దాన్ని ఖాళీ బోర్డు హోటలు అనేవారు. నేనూ అన్నాను.

టెక్కలి హోటలు లైసెన్సు అర్జీ రాయించుకోవడానికి వచ్చినప్పుడు నాకు ఆయనతో మొదటి పరిచయం. యజమాని పేరు అని ఉన్న గడి దగ్గర కలం ఆపి మొహంలోకి చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. బావమరిది పేరు రాసెయ్యమన్నాడు. హోటలు ఎవరిది అని అడిగాను. నాదే అన్నాడు. మరి అతని పేరెందుకు అంటే నవ్వాడు. పలాసలోదీ అలాగే ఉంది గదా అన్నాడు. నేను కొత్త ఉద్యోగిని, రూలు తెలిసినవాణ్నని చూపించుకోవాలి. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లదే అవుతుంది మావా, కనీసం మీ ఆవిడ పేరైనా రాయిద్దాం అన్నాను.

"ఆవిడదీ మా ఇంటిపేరే గదా బాబూ" అన్నాడు.

అప్పుడు చెప్పాడు వాళ్లమ్మ సంగతి. వాళ్లది సముద్రం వైపు ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటలు. ఎండన పడి ఎవరొచ్చినా ముందు బొండం కొట్టి చేతికిచ్చి, ఆ తర్వాతే ఏ ఊరని అడిగే ఇల్లు. అక్కడ దాహం అడిగినవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడమంటే కన్నబిడ్డని అమ్ముకున్నంత నామోషీ. కొడుకు కాఫీ హోటలు పెడతానంటే తల్లి మూడు రోజులు అన్నం ముట్టలేదట. చివరికి ఒక షరతు మీద తిన్నది. కలుపుకో, పొయ్యి దగ్గర నిలబడి కష్టపడు, అది పని. గల్లా దగ్గర కుర్చీలో మాత్రం కూర్చోకూడదు, మన ఇంటిపేరు ఆ కొట్టు మీద ఉండకూడదు. ఉంటే నీ ఇంట్లో పచ్చి మంచినీళ్లు తాగను. పొయ్యిలో నిప్పు మీద చెయ్యి చాపి మావ మాటిచ్చాడు.

నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ముసలమ్మల చాదస్తం అనుకున్నాను. అనుకుని, చెప్పిన పేరు గుండ్రంగా రాసేశాను. పూండి, సుమ్మాదేవి అర్జీలు కూడా నా దస్తూరీ బాగుంటుందని నా దగ్గరికే తెచ్చాడు. వాటిలోనూ బావమరిది పేరే రాశాను. రాసిన ప్రతిసారీ గ్లాసు అడుగు తుడిచి కాఫీ ఇచ్చాడు, తాగాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకు పెద్ద కోపం కూడా రావడం లేదు. అలసట వస్తోంది, అంతే.

ఒక ఆదివారం నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. పూండిలో దిగి తోటల మధ్య ఇసకలో నడక. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాం. వాళ్లమ్మ వాకిట్లో కొబ్బరిపీచు పేనుతూ కూర్చుని ఉంది. కళ్లు సరిగా ఆనవు. అలికిడికి తలెత్తి, "ఎవులది" అని కూడా అడక్కుండా నాకు బొండం కొట్టించింది. నేను తాగేదాకా ఆగి, కొడుకుని దగ్గరికి రమ్మంది. ఆయన వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చుని కుడిచెయ్యి చాపాడు. ఆవిడ ఆ అరచేతిని రెండు బొటనవేళ్లతో నెమ్మదిగా తడిమింది. కాలిన మచ్చలూ, కాయలూ ఒక్కొక్కటే వెతికి చూసింది. వెళ్లినప్పుడల్లా ఇదే తంతట.

"పనోడి సెయ్యే" అని వదిలేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఆపీసులో బాబువట గదా. అబద్దం ఆడవు. వీడు కుర్సీలో కూకుంతన్నాడా?" అని అడిగింది.

లేదమ్మా, నేనెప్పుడూ చూడలేదన్నాను. ఆవిడ మొహంలో పడిన తెరిపి నేను మరిచిపోలేదు. ఆ తర్వాత మావ కొబ్బరిడొక్కల పొయ్యి మీద నీళ్లు పెట్టి, వెంట తెచ్చిన పొడుంతో కాఫీ దించి, పంచదార లేక బెల్లం వేసి, గ్లాసు అడుగు తుడిచి తల్లి చేతికిచ్చాడు. ఆవిడ ఆఖరి చుక్క దాకా తాగింది. అమ్మడానికి కాదు గనక ఇంత బాగుందని అంది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా మావ చాలా సంతోషంగా ఉన్నాడు. నాకు ఆ సంతోషం చూసి కొంచెం అసూయ కూడా కలిగింది. నా తల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది.

రోజులు అలాగే నడిచి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ని కాదు. అది కొండల వైపు గొడవలు జరుగుతున్న కాలం. పొద్దు వాలితే పోలీసు వ్యాన్లు తిరిగేవి. బజారు తొందరగా మూసేసేవారు. కొందరు వ్యాపారులు ఉన్నది అమ్ముకుని వెళ్లిపోతే, కొందరు చవగ్గా వచ్చిందని కొన్నారు. అలా కొనేవాళ్లలో బరంపురం నుంచి వచ్చిన ఒక వ్యాపారి నాలుగు హోటళ్లూ కలిపి అడిగాడు. ఆయనకి అప్పటికే ఆ వైపు మూడు నాలుగు కాఫీ హోటళ్లున్నాయి. ఇవి కూడా కలిస్తే బరంపురం నుంచి టెక్కలి దాకా రోడ్డు మీద తన కాఫీయే ఉంటుందని ఆశ. బావమరిదికి పలాసలో సొంతంగా జీడిపిక్కల ఫ్యాక్టరీ పెట్టాలని ఎప్పటి నుంచో కోరిక. అతను సరేనన్నాడు. టెక్కలి లైసెన్సు బదిలీ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నా దస్తూరీతో ఉన్న పాత అర్జీ దానికి కుట్టి ఉంది.

ఆ సాయంత్రమే పలాస వెళ్లి బావమరిదిని కలిశాను. అతను నన్ను చూసి తప్పించుకోలేదు. కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, చెట్టు కింద నిలబడి తీరిగ్గా మాట్లాడాడు. ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిందన్నాడు. పోలీసులు వచ్చి ఎవడు వచ్చాడు ఎవడు పోయాడు అని అడిగితే యజమానినని జవాబు చెప్పుకున్నది తనేనన్నాడు. అది నిజమే, రెండుసార్లు అతన్ని స్టేషన్‌కి పిలిచి పొద్దంతా కూర్చోబెట్టారు.

"బావది కాదని నానన్నేదు బాబూ. ఒచ్చి, నాదీ అని కాయితం మీద సంతకం పెట్టమను. నాను నోరెత్తను, మా అక్క మీద ఒట్టు. కాని బావ పెట్టడు. మీకూ తెలుసు" అన్నాడు.

ఇలాంటి మనిషి మీద ఎలా కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో పెద్ద గుమస్తాని అడిగాను. బదిలీకి ముందు అసలు యజమాని అభ్యంతరం రాసిస్తే చాలు, ఆపి విచారణ చేస్తారన్నాడు. కాఫీ కలిపేవాళ్లందరూ సాక్ష్యం చెబుతామన్నారు. పిక్కలు కొట్టే ఆడవాళ్లు కూడా వస్తామన్నారు. కావలసింది మావ సంతకం ఒక్కటే. నేను రాత్రి ఇంటికి పోయి కాగితం రాశాను. నా ఉద్యోగం మొత్తంలో అంత శ్రద్ధగా ఇంకో కాగితం రాయలేదు. 'పలాస, టెక్కలి, పూండి, సుమ్మాదేవి కాఫీ హోటళ్లకు యజమానిని నేనే' అని మొదలుపెట్టి, కింద ఆయన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, పైన సంతకానికి చోటు వదిలాను.

నేను కబురు పెడితే మర్నాడు మధ్యాహ్నం మావ వచ్చాడు. చేతులు కడుక్కుని వచ్చినట్టున్నాడు, తువ్వాలుకి తడి ఉంది. బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే కాగితం అందుకున్నాడు. మూడో క్లాసు చదువు, కూడబలుక్కుని చదివాడు. తన పేరు దగ్గరికి వచ్చాక వేలు దాని మీద పెట్టి ఆపేశాడు. ఆ పేరుని అంత పెద్ద అక్షరాల్లో ఆయన ఎప్పుడూ చూసుకుని ఉండడు.

కలం తీసుకున్నాడు. సిరా ముంచాడు. కాగితం మీద ఆనించబోయి ఆగాడు.

"బాబూ, దీన్ని కొన్నాళ్లు పక్కన పెట్టడానికి అవుతాదా?" అని అడిగాడు. ఎన్నాళ్లు మావా అన్నాను. "ఎక్కువేటుంటాది. అమ్మకి ఏడాది నుంచి ఒంట్లో బాగునేదు. ఈ సలికాలం దాటదు అన్నాడు మందిచ్చే ఆచారి. ఆ తరవాతైతే..."

అని, ఆగిపోయాడు. నిజం చెప్పాలంటే, అయితే ఎలాగో నాలుగు నెలలు తొక్కిపెట్టొచ్చా అని నేను లెక్కలు కడుతున్నాను. తలెత్తి చూసేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. కలం తీసి సిరాబుడ్డి పక్కన పెట్టేశాడు. పెట్టిన చేతిని తన చెయ్యి కానట్టు చూసుకున్నాడు.

"సూసావా బాబూ" అన్నాడు. "సంతకం కోసం అమ్మ సావు కోరుకున్నాను."

అలా అనుకోలేదు మావా, వట్టి మాట అన్నాను. అదేం వినిపించుకోలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, ఆ పేరున్న చోట చింపెయ్యమన్నాడు. నేను చింపలేదు. ఆయన వెళ్లాక ఒకసారి వెంటపడి పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెప్పాలి? ఒకవైపు నాలుగు హోటళ్లు, ఒకవైపు చూపు ఆనని ముసలమ్మ బొటనవేళ్లు. నేను చెప్పగలిగింది ఏదైనా ఒకవైపు నష్టమే. ఏడుపొచ్చింది. పెద్ద గుమస్తా చూస్తాడని కట్టల గదిలోకి పోయాను.

బదిలీ అయిపోయింది. నాలుగు బోర్డులూ దింపి మళ్లీ పెయింటు వేయించారు. 'ప్రొ:' పక్కన ఇన్నేళ్లుగా ఉన్న ఖాళీలో వ్యాపారి పేరు చక్కగా సరిపోయింది, ఎవరో కొలిచి వదిలినట్టు. బావమరిది ఫ్యాక్టరీ కట్టుకున్నాడు. మొదటి రోజున బావ చేత్తోనే పొయ్యి వెలిగించాలని కబురు పెడితే మావ వెళ్లి వెలిగించి వచ్చాడట. భార్య తమ్ముడితో మాట్లాడడం మానేస్తానంటే ఆవిడనే కోప్పడ్డాడు. ఎవరు ఏం అడిగినా దిగనీ అనేవాడు. మునుపటిలా అనేవాడు కాదు. ఇంక అడగొద్దు అన్నట్టుగా అనేవాడు.

వ్యాపారి తెలివైనవాడు. రుచి పోతే హోటళ్లు పోతాయని తెలుసు. కొన్నాళ్లు టెక్కలి గల్లా దగ్గర తనే కూర్చుని, మావని జీతం మీద అక్కడే ఉంచుకున్నాడు. ఆయన మునుపటిలాగే పొద్దున్నే వచ్చి, కుర్చీ తుడిచి, పొయ్యి దగ్గర నిలబడేవాడు. చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు. నాకు మాత్రం ఆ హోటలు ముందు నుంచి నడవడం కష్టంగా ఉండేది. ఆఫీసు నుంచి బస్టాండుకి వెనక సందులోంచి పోయేవాణ్ని. సిగ్గుతో పోయేవాణ్ని. ఆ లైసెన్సులు రాసింది నేనే గదా.

అలా రెండు నెలలు తప్పించుకున్నాక ఒక మధ్యాహ్నం రావివలస వెళ్లి తిరిగొస్తూ బస్సు దిగాను. ఎండకి కళ్లు తిరుగుతున్నాయి. ఎదురుగా హోటలు. లోపలికి వెళ్లక తప్పలేదు. భోజనాల వేళ, ఎవరూ లేరు. పొయ్యి దగ్గర మావ లేడు.

గల్లా వెనక టేకు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

వీపు పూర్తిగా ఆనించలేదు. చేతులు మాత్రం కుర్చీ చేతుల మీద పెట్టుకుని, అరచేతులతో ఆ నునుపు రాసి చూస్తున్నాడు. తనే కర్ర ఎంచి, తనే దగ్గరుండి చేయించి, ఇన్నాళ్లూ తుడుస్తూ వచ్చిన కుర్చీ. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. ఆ వ్యాపారి భోజనానికి వెళుతూ కాసేపు కూర్చోమన్నాడని చెప్పాడు. నాకు ముందు గుర్తొచ్చింది వాళ్లమ్మ. ఆవిడకేమైనా అయిందేమో, అందుకే కూర్చున్నాడేమో అనుకున్నాను. నా మొహంలో ఆ ప్రశ్న ఆయనే చదివాడు.

"అమ్మున్నాది బాబూ. సలికాలం దాటీసింది. నిన్న ఎల్లి సెయ్యి సూపించి ఒచ్చాను. పనోడి సెయ్యే అన్నాది" అన్నాడు.

మరి, అన్నట్టు కుర్చీ వైపు చూశాను.

"ఇప్పుడిది నాది కాదు గదా" అన్నాడు. "నాది కానప్పుడు కూకుంతే తప్పేటి?"

ఆయన కాస్త సర్దుకుని, ఈసారి వీపు ఆనించి, పండక్కి కొత్త చొక్కా తొడుక్కున్నవాడు అడిగినట్టు అడిగాడు. "ఎలాగున్నాను బాబూ?"

బాగున్నావు మావా అన్నాను.

రోడ్డు అవతల వ్యాపారి రిక్షా దిగుతూ కనిపించాడు. మావ లేచి, భుజం మీది తువ్వాలు తీసి, తను కూర్చున్న చోటు శుభ్రంగా తుడిచి, నాకు కాఫీ కలపడానికి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.